నిలబడకూడని బండి

బండికి జబ్బు చేసిందన్న సంగతి మంగతాయారుకి మొదట మజ్జిగ గ్లాసు చెప్పింది. సోమవారం మధ్యాహ్నం భోజనానికి వచ్చిన దొరబాబు గ్లాసు పైకెత్తాడో లేదో, సగం మజ్జిగ అతని చొక్కా తాగేసింది. చెయ్యి అంతలా వణుకుతోంది.

"ఏవండీ, జ్వరమా?" అంటూ మొగుడి నుదుటి మీద చెయ్యి వేసింది తాయారు.

"నాక్కాదే. బండికి."

దొరబాబు నల్లమిల్లిపేట మునిసిపాలిటీలో డ్రైవరు. అతను నడిపేది ఒక తెల్ల పికప్ బండి. తెల్లదని రికార్డుల్లో ఉంది కాబట్టి మనమూ అలాగే అనుకుందాం. బ్లీచింగ్ బస్తాలు, దోమల పొగ మిషను, పెద్దలెవరైనా వస్తే స్వాగత తోరణాలు, వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ అవే తోరణాలు... ఊళ్ళో ఏది కదలాలన్నా ఆ డీజిల్ బండి మీదే కదలాలి. రోడ్డు మీద పోతున్నంతసేపూ అది బుద్ధిమంతురాలే. ఆపి, ఇంజను ఆన్‌లో ఉంచితే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణుకు. అద్దాలు గలగలా, తలుపులు దడదడా. సీట్లో కూర్చున్నవాడికి తన పళ్ళు తనవేనా అని అనుమానం.

"మెకానిక్కుకి చూపించకపోయారా?"

"చూపించానే. కరీముల్లా బానెట్ ఎత్తి విన్నాడు. ఇంజను కింద రబ్బరు చిరిగినా ఇలాగే ఊగుద్దంట. డీజిల్ ఫిల్టరు మూసుకుపోయినా ఊగుద్దంట. పైపులో గాలి జొరబడినా, నాజిల్ ఒకటి డీజిల్ సరిగ్గా కొట్టకపోయినా ఊగుద్దంట. ఒక్కోటీ విప్పి చూసుకుంటా పోతే పూటలో తేలిపోద్దన్నాడు."

"మరి విప్పమనలేదా?"

"విప్పబోతుంటే మా ఆఫీసు మేనేజరుగారు ఆపేశారు. లోపం ఏదో తేలాకే విప్పాలంట."

"విప్పకపోతే ఎలా తేలుద్దండీ?"

"కరీముల్లా కూడా అదే అన్నాడు. 'అది మెకానిక్కు దృక్పథం, మాది పరిపాలనా దృక్పథం' అన్నారాయన."

తాయారు లోపలికి వెళ్ళి పొడి చొక్కా తెచ్చిచ్చింది. ఆమె డిగ్రీ చదివిన మనిషి. ఎక్కడ మాట్లాడాలన్నదానికన్నా, ఎక్కడ మాట్లాడి లాభం లేదో ఆమెకి బాగా తెలుసు. పైగా ఆమె బుర్ర నిండా శుక్రవారమే ఉంది. శుక్రవారం పొద్దున్న వాళ్ళ కొత్తింటి గృహప్రవేశం. రెండు గదులూ ఒక వరండా అయినా, ఆమె మాత్రం దాన్ని 'మన బిల్డింగు' అంటుంది. అది దాటితే మూఢం, మూడు నెలల పాటు ముహూర్తాల్లేవు. అద్దె ఇంట్లోకి శనివారమే కొత్తవాళ్ళు దిగుతున్నారు. మంచాలు పడతాయో లేదో ముందే చూసుకుంటామని వాళ్ళు ఒకసారి వచ్చి కొలతలు కూడా తీసుకుపోయారు.

మంగళవారం దొరబాబు ఇంటికొచ్చి అసలు సంగతి చెప్పాడు. కమిషనర్ పరాంకుశం గారు ఆమధ్య 'సాక్ష్యాధార పరిపాలన' అనే శిక్షణకి రాజధాని వెళ్ళి, ఒక సంచీ, ఒక పెన్నూ, ఆ మాటా పట్టుకొచ్చారు. సంచీ చిరిగింది, పెన్ను పోయింది, మాట మిగిలింది. అప్పట్నించీ సాక్ష్యం లేనిదే ఆయన గొడుగు కూడా తెరవడం లేదు. బండి సంగతి విని సాంకేతిక నిర్ధారణ కమిటీ వేశారు.

"దొరబాబూ, ఇంజను ఆపితే వణుకు ఏమవుతుంది?" అని అడిగారట.

"ఆగిపోద్దండి."

"అంటే సాక్ష్యం నాశనమవుతుంది. కమిటీ వచ్చి కళ్ళారా చూసేవరకు వణుకును యథాతథ స్థితిలో భద్రపరచవలసి ఉంది. ఇంజను ఆపడానికి వీల్లేదు."

దాంతో బండి ఆఫీసు పోర్టికోలో నిలబడి రాత్రింబవళ్ళు వణకడం మొదలుపెట్టింది. పగలు దొరబాబు, రాత్రి వాచ్‌మన్ డీజిల్ పోస్తున్నారు. బుధవారానికి ఆఫీసు మొత్తానికి ఆ జబ్బు అంటుకుంది. జనన విభాగం బీరువా మీదున్న రిజిస్టర్లు ఒక్కొక్కటే జరుగుతూ జరుగుతూ వెళ్ళి మరణ విభాగంలో పడ్డాయి. పిల్లాడి పుట్టిన తేదీ కాగితం కోసం వచ్చిన ఒక తండ్రికి అక్కడి గుమస్తా సానుభూతి తెలిపాడు. పోర్టికో పైగదిలో కూర్చునే కమిషనర్ గారి టీ సాసర్లోకి, సాసర్లోంచి ఫైల్లోకి ప్రవహించింది. ఆయన సంతకం ఎంత మారిపోయిందంటే, జీతాల బిల్లు మీద దాన్ని చూసి ట్రెజరీవాళ్ళు 'సారు ఆసుపత్రిలో ఉన్నారా?' అని ఫోను చేశారు.

గురువారం పొద్దున్న రెండో ఉత్తర్వు వచ్చింది. కార్యాలయ ప్రాంగణంలో బండి నిలబడి వణకరాదు.

మేనేజర్ విశ్వేశ్వరం గారు రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆయన సర్వీసు మొత్తంలో ఏ ఉత్తర్వునీ ధిక్కరించలేదు. అర్థం చేసుకోవడం కూడా ఒకరకం ధిక్కారమే అని ఆయన నమ్మకం. ఇంజను ఆపకూడదు, బండి నిలబడకూడదు. చివరికి కళ్ళజోడు తుడుచుకుని దొరబాబుని పిలిచారు.

"మొదటి గేరు వెయ్యి. ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఉండు."

"ఎంతసేపండీ?"

"కమిటీ తేల్చేవరకు."

"నా తర్వాత ఎవరు ఎక్కుతారండీ?"

"బండి అప్పగించాలంటే ఆపి, తాళం చేతికివ్వాలని రూలు. ఆపకూడదు కాబట్టి అప్పగింత లేదు. నువ్వే ఉంటావు."

మధ్యాహ్నం కేరేజీ పట్టుకుని వచ్చిన తాయారుకి మొగుడు ఎదురొచ్చాడు. ఎదురొచ్చి, నవ్వి, దాటిపోయాడు. కాసేపటికి ఆఫీసు వెనకనుంచి తిరిగి మళ్ళీ వచ్చాడు.

"దిగండి, అన్నం చల్లారిపోద్ది."

"దిగకూడదే! నువ్వే పక్కన నడువు!"

తాయారు కొంగు బిగించి బండి పక్కన నడక మొదలుపెట్టింది. ఉత్తర్వుల కథ సగం చుట్టులో విన్నది, మిగతా సగంలో పప్పన్నం కలిపి కిటికీలోంచి అందించింది. దొరబాబు ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో ముద్ద. మలుపు వచ్చినప్పుడల్లా ముద్ద చెవిలోకి పోతోంది.

"రేపు పొద్దున్న ముహూర్తం గుర్తుందా?"

"ఉందే. కమిటీ ఇప్పుడే వస్తోందంట. తేలిపోద్ది. ఆవకాయ వెయ్యి."

"జాగర్త, గొయ్యి!" అని అరిచింది తాయారు. ఆఫీసు వెనకాల ఆమె పాదం ముందే ఒక పెద్ద గొయ్యి. మంచినీళ్ళ పైపు లీకు కోసం తవ్వారు. లీకు దొరకలేదు గానీ గొయ్యి మిగిలింది, లీకూ మిగిలింది. అడుగున మోకాలిలోతు బురద. దొరబాబు దాన్ని తప్పించి పోనిచ్చాడు.

కమిటీ వచ్చింది, ముగ్గురు. మెకానికల్ ఇంజనీరు పోస్టు చాలాకాలంగా ఖాళీ కాబట్టి నీళ్ళ ఇంజనీరుగారు, ఆరోగ్యాధికారి గారు, టౌన్ ప్లానింగ్ మేడంగారు. ముగ్గురూ బండి పక్కన వరసగా నడుస్తూ పరీక్ష మొదలుపెట్టారు. వాళ్ళ వెనక మేనేజర్, ఆయన వెనక కేరేజీతో తాయారు.

ఆరోగ్యాధికారి స్టెతస్కోపు తీసి, పరిగెడుతూ బానెట్ మీద పెట్టారు. "ఊపిరి బాగానే ఉంది. దగ్గు ఎప్పట్నించి?"

"సోమవారం నించండీ," అన్నాడు దొరబాబు కిటికీలోంచి.

"పొగ రంగు?"

"నలుపేనండి."

"అది వయసు," అన్నారాయన, మలుపు దగ్గర బండిని వదిలేసి రొప్పుతూ.

టౌన్ ప్లానింగ్ మేడం బండికి నాలుగు పక్కలా చూశారు. "చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం వదిలారా?"

"వదుల్తూనే ఉన్నానండి. ఎక్కడ వదిలితే అక్కడికే మళ్ళీ వస్తున్నాను."

నీళ్ళ ఇంజనీరు చేతికర్రతో బండిని రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విన్నారు. పైపులు అలాగే చూస్తారాయన. "వణుకు కనబడటం లేదే!"

"నిలబడితేనే వణుకుద్దండి. ఒక్క నిమిషం ఆపి చూపిస్తాను," అన్నాడు దొరబాబు ఆశగా.

"ఆపకూడదు!" అని మేనేజర్ అడ్డంగా చేతులు చాచి, వెంటనే పక్కకి దూకారు. బండి ఆగకూడదని చెప్పినవాడు దానికి అడ్డం నిలబడకూడదని ఆయనకి సమయానికి తోచింది.

కమిటీ గోడ నీడలో నిలబడి, నిమ్మరసం తాగి నిర్ధారణ చేసింది. చలనస్థితిలో వాహనమునందు వణుకు కానరాలేదు. ఫిర్యాదు రుజువు కానందున మరమ్మతు అవసరము లేదు.

"అమ్మయ్య, ఇక ఆపెయ్యొచ్చా అండీ?" అంది తాయారు మేనేజరుతో.

"ఎలా కుదురుతుందమ్మా? లోపం సరిచేశాకే ఉత్తర్వులు ఎత్తేస్తారు. లోపమే లేదని తేలింది. లేని లోపాన్ని ఎలా సరిచేస్తారు?"

"మరి లోపం లేనప్పుడు ఆపితే ఏమవుద్దండీ?"

"వణుకుతుంది," అన్నారు విశ్వేశ్వరం గారు, చిన్నపిల్లకి చెప్పినంత ఓపికగా.

తాయారు కేరేజీ మూత బిగించి కింద పెట్టింది. దంపతులిద్దరూ ఒక్కసారే కుడికాలు గడపలో పెట్టాలని పురోహితుడు మరీమరీ చెప్పాడు. ఒకరి కాలు గడపలో, ఒకరి కాలు క్లచ్ మీద ఉంటే కుదరదు. చేతిసంచీలోంచి శుభలేఖ తీసి, మేడ మెట్లెక్కి, నేరుగా కమిషనర్ గారి గదిలోకి వెళ్ళింది.

పరాంకుశం గారు శుభలేఖ రెండువైపులా చూశారు. "శుభం. తప్పక వస్తాను. భోజనాలు ఎన్నింటికి?"

"భోజనాల దాకా రావాలంటే ముందు మా ఆయన రావాలి కదండీ. పీటల మీద కూర్చోవాల్సింది ఆయనే."

"చూడమ్మా, అతను సాక్ష్య సంరక్షణ విధుల్లో ఉన్నాడు. వ్యక్తిగత శుభకార్యములు ద్వితీయ ప్రాధాన్యతాంశములు. ప్రత్యామ్నాయంగా పీట మీద అతని ఫొటో పెట్టుకోవచ్చు."

"ఫొటోకి దండ కూడా వెయ్యమంటారాండీ?"

"మీ వెసులుబాటు."

తాయారు ఉక్రోషం మింగేసింది. కిటికీలోంచి దొరబాబు బండి ఇటునుంచి అటు పోయింది. ఆమె వంటింట్లో గ్రైండరు గుర్తొచ్చింది. పొద్దుటనించి తిరుగుతుంది, పిండి రుబ్బుతుంది, ఒక్కసారి కూడా గడప దాటదు. ఆ గ్రైండరు ఆగి ఉందని అత్తగారు కూడా ఎన్నడూ అనలేదు.

"నాదో చిన్న సందేహమండి," అంది వినయంగా. "బండి నిలబడిందో లేదో దేన్నిబట్టి తేలుస్తారండీ?"

సాక్ష్యం మాట వచ్చేసరికి కమిషనర్ గారి ముఖం వెలిగింది. "మంచి ప్రశ్న. చక్రమును బట్టి. చక్రము తిరుగుచున్నంత కాలము వాహనము చలనములో ఉన్నట్లు. మీటరు అందుకు సాక్ష్యం."

"మనిషి కళ్ళతో చూసి, బండి ఇక్కడే ఉంది కదా అంటేనో?"

"మనిషి కన్ను వ్యక్తిగత అభిప్రాయం. మీటరు అబద్ధమాడదు. విశ్వేశ్వరం, ఈ నిర్వచనం నోట్ చేసుకోండి."

మేనేజర్ నోట్ చేసుకున్నారు. తాయారు దణ్ణం పెట్టి, మెట్లు రెండేసి చొప్పున దిగింది. ఆఫీసు వెనక్కి వెళ్ళి, గొయ్యి పక్కన నిలబడి, బండి రాగానే కిటికీ పట్టుకుంది.

"ఏవండీ, ఈసారి గొయ్యి పక్కనించి కాదు, గొయ్యిలోకి పోనివ్వండి."

"మతి పోయిందా ఏంటే? దిగబడిపోద్ది!"

"దిగబడాలనే."

"చక్రాలు బురదలో గిర్రున తిరుగుతాయి తప్ప బండి అంగుళం కదలదు!"

"అదే మనకి కావాలి. గేరు మాత్రం తియ్యకండి."

"నా ఉద్యోగం ఊడిపోద్ది తాయారూ!"

"మీకు ఉద్యోగం కావాలా, ఇల్లు కావాలా?"

"రెండూ కావాలే."

"అయితే గొయ్యి ఎడంపక్కన ఉంది. తిప్పండి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో తాయారు ఎడమంటే తను కుడికి తిప్పిన రోజులు అతనికి కొన్ని గుర్తున్నాయి. వాటి ఫలితాలూ గుర్తున్నాయి. కళ్ళు మూసుకుని ఎడమకి తిప్పాడు. ముందు చక్రాలు ఓరగా దాటాయి. వెనక చక్రాలు గొయ్యిలోకి జారి, బురదలో సుఖంగా కూర్చుని, గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. చిమ్మిన బురద వెళ్ళి 'మన పట్టణం - మన పరిశుభ్రత' అన్న బోర్డు మీద పడింది. మన పట్టణం ఒక్కటే మిగిలింది.

చప్పుడుకి ఆఫీసంతా పరిగెత్తుకొచ్చింది.

"బండి ఆగిపోయిందయ్యో!" అని నెత్తి మీద చేతులు పెట్టుకున్నారు మేనేజర్.

"ఆగలేదండి. చక్రం చూడండి," అంది తాయారు.

అందరూ వంగి చక్రం చూశారు. తిరుగుతోంది. కమిషనర్ గారు స్వయంగా తల కిటికీలోంచి పెట్టి మీటరు చూశారు. అంకె ఒకటి మెల్లగా కిందకి జారి, ఇంకొకటి పైకి వచ్చింది.

"ప్రయాణం సాగుతోంది," అని ప్రకటించారు.

"కానీ సార్, వణుకుతోంది!" అన్నారు నీళ్ళ ఇంజనీరు. బండి నిజంగానే గొయ్యితో సహా ఊగుతోంది.

"నిలబడి వణికితే లోపం. నడుస్తూ వణికితే అది ప్రయాణ బడలిక. రెండింటికీ తేడా గమనించాలి."

వినోదం చూడటానికి గేటు దాటి వచ్చిన కరీముల్లా ఉండబట్టలేక, "సార్, ఎలాగూ ఇక్కడ కూర్చుంది గదా, బానెట్ ఎత్తనా? ఫిల్టరుతో మొదలెడతా," అన్నాడు.

"నడుస్తున్న బండికి బానెట్ ఎత్తుతావా? ప్రమాదం! దూరం, దూరం!" అని అతన్ని నలుగురూ వెనక్కి నెట్టారు.

నీళ్ళ ఇంజనీరుకి మాత్రం తన గొయ్యి మీద కొత్తగా గౌరవం కలిగింది. దాన్ని పూడ్చలేదేమని ఇన్నాళ్ళూ అడుగుతున్నవాళ్ళకి ఇప్పుడు ఆయన దగ్గర జవాబుంది. అందులో ప్రభుత్వ వాహనం ప్రయాణంలో ఉంది.

దొరబాబు ఇంకా స్టీరింగ్ పట్టుకునే ఉన్నాడు. తాయారు మేనేజర్ వైపు తిరిగింది.

"దూరప్రయాణం చేసే డ్రైవరుకి విశ్రాంతి ఇవ్వాలని మీ రూల్సులో ఏమీ లేదాండీ?"

"ఎందుకు లేదు? పొద్దుటనించి తిరిగాడు, ఎప్పుడో అర్హుడయ్యాడు. కానీ అతను దిగితే బండి గోడకి గుద్దుకుంటుందని ఇన్నాళ్ళూ... అంటే ఇంతసేపూ ఇవ్వలేదు."

"ఇప్పుడు గోడ ఉందాండీ?"

విశ్వేశ్వరం గారు ముందుకి చూశారు. గోడ ఉంది. మళ్ళీ చక్రం చూశారు. మళ్ళీ గోడ చూశారు.

"ఉంది. కానీ అది రాదు," అన్నారు కాస్త ఆశ్చర్యంగా. "దొరబాబూ, దిగు. డీజిల్ సంగతి వాచ్‌మన్ చూసుకుంటాడు."

దొరబాబు దిగాడు. నేల మీద నిలబడేసరికి నేల కదులుతున్నట్టు అనిపించి పెళ్ళాం భుజం పట్టుకున్నాడు. ఆమె ఆ చెయ్యిని ఇంటిదాకా వదల్లేదు. మళ్ళీ ఎవరైనా కొత్త ఉత్తర్వు చదువుతారేమోనని వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

శుక్రవారం పొద్దున్న మంగళవాయిద్యాల మధ్య ఇద్దరి కుడికాళ్ళూ ఒక్కసారే కొత్త గడపలో పడ్డాయి. పురోహితుడు చూసి మరీ తలూపాడు. కొత్త పొయ్యి మీద పాలు గిన్నె అంచుదాకా వచ్చి, ఒక్క క్షణం ఆలోచించి, తూర్పువైపు పొంగాయి. తాయారు కళ్ళు కూడా అదే పని చెయ్యబోయాయి గానీ, పులిహోరలో పోపు మాడుతోందని ఎవరో అరిచారు.

మధ్యాహ్నం కమిషనర్ గారు అన్నట్టే వచ్చారు. పక్కన మేనేజర్. వరండాలో పంక్తిలో ఇద్దరూ బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. పనసపొట్టు కూర, పులిహోర, పూర్ణం బూరెలు. దొరబాబు కొత్తపంచెలో నేతి గిన్నె పట్టుకుని వంగి వంగి వడ్డిస్తుంటే, పరాంకుశం గారికి కర్తవ్యం గుర్తొచ్చింది.

"అన్నట్టు, బండి ఎలా ఉంది దొరబాబూ?"

"నడుస్తోందండి," అన్నాడు దొరబాబు, గిన్నె జారకుండా గట్టిగా పట్టుకుంటూ.

"ఎక్కడిదాకా వెళ్ళింది?"

దొరబాబు పెళ్ళాం వైపు చూశాడు. తాయారు బూరెల పళ్ళెంతో ముందుకొచ్చింది.

"పొద్దున్న వాచ్‌మన్ మీటరు చూసి చెప్పాడండి. ఆ లెక్కన ఈపాటికి బెజవాడ దాటేసి ఉంటదండి."

పరాంకుశం గారు తృప్తిగా తలాడించి, బూరె మధ్యలో గుంట చేసి నెయ్యి పోయించుకున్నారు.

"అక్కడ ఎండలు మండిపోతున్నాయట," అన్నారు మేనేజర్ వైపు తిరిగి. "రేడియేటర్లో నీళ్ళు చూసుకుంటూ జాగ్రత్తగా వెళ్ళమనండి."